లోడు లేని లారీ

ఏప్రిల్ 8, శనివారం

రాత్రంతా మంచు కురిసింది. డెన్వర్‌లో ఏప్రిల్ ఇంతే. చెట్లకు చిగురు రానిచ్చి, వచ్చిందని అవి నమ్మాక జానెడు మంచు కప్పేసి పోతుంది. గరాజ్‌లో చిన్న హీటరు పెట్టుకుని డబ్బాలు విప్పాను. ముందు వేసే కమాన్ కట్టలు రెండు, వెనక షేకిల్ బ్రాకెట్లు రెండు, యు బోల్టులు ఎనిమిది, బుష్‌లు ఒక సంచీడు. బండిని నాలుగంగుళాలు లేపే సరంజామా ఇది. నల్ల పెయింటు, గ్రీజు కలిసిన వాసన గుప్పున కొట్టింది. స్కూలు వదలగానే నాన్న షెడ్డుకి పరిగెత్తిన రోజుల వాసన.

బండి గురించి ఈ పుస్తకంలో ఇంతవరకూ రాయలేదు. 1979 షెవర్లే కె20, ముప్పావు టన్ను పికప్. 350 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజన్, నాలుగు గేర్లు, పోత ఇనుము ట్రాన్స్‌ఫర్ కేసు. 1973లో వచ్చిన పలక మొహం మోడల్ కాబట్టి ఇక్కడివాళ్లు స్క్వేర్ బాడీ అని ముద్దుగా పిలుస్తారు. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 131.5 అంగుళాలు, అంటే మూడు మీటర్ల ముప్పై నాలుగు సెంటీమీటర్లు. వెడల్పు 80 అంగుళాలకు అటూ ఇటూ. జీపుల వాళ్లు కొండదారిలో దీన్ని చూడగానే పక్కకు తప్పుకుంటారు, గౌరవంతో మాత్రం కాదు. నిరుడు దసరాకి తూర్పు కొలరాడోలో ఒక రైతు దగ్గర కొన్నాను. నలభై ఏళ్లు గడ్డిమోపులు మోసిన బండి.

మధ్యాహ్నం కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. నడవని వాహనాన్ని ఇంటి ముందు పెట్టరాదట. మంచులో నడిపి చూపించాలనిపించింది కానీ అప్పటికే ముందు చక్రాలు విప్పేసి ఉన్నాయి.

ఏప్రిల్ 22, శనివారం

ముందు కట్టలు ఎక్కాయి. రెండు రోజుల పని అనుకున్నది మూడు వారాంతాలు మింగింది. షేకిల్ బోల్టు ఒకటి బుష్‌లోనే తుప్పు పట్టి బిగుసుకుపోతే రంపంతో కోయాల్సి వచ్చింది.

నాలుగంగుళాలు లేపితే నాలుగంగుళాలతో పోదని అందరూ అంటారు. చేతులు నల్లబడ్డాక తెలిసొచ్చింది. బండి లేచింది, బ్రేకు గొట్టం లేవలేదు. చక్రం గుంతలోకి జారితే తెగిపోయేంత బిగువుగా ఉంది. సరే, పొడుగు గొట్టం తెప్పించాను. స్టీరింగ్ బాక్స్ చాసీతో పాటు పైకి పోయింది, చక్రం కిందే ఉండిపోయింది, రెంటికీ మధ్య ఉన్న డ్రాగ్ లింక్ గోడకి ఆనించిన నిచ్చెనలా వాలింది. అలా వాలితే గుంత తగిలినప్పుడల్లా బండి తనంతట తనే పక్కకి లాగుతుంది. దానికో ఎత్తు ఆర్మ్. వెనక వైపు కొత్త కట్టలు అక్కర్లేదు. కట్ట చివరని చాసీకి కలిపే షేకిల్‌ని కంపెనీ వాళ్లు బ్రాకెట్ నుంచి పైకి నిలబెట్టారు, కొత్త బ్రాకెట్ వేస్తే అదే షేకిల్ కిందికి వేలాడుతుంది, ఆ తిరగేయడంతోనే నాలుగంగుళాలు వచ్చేస్తాయి. చెప్పడానికి ఒక్క ముక్క. పాత బ్రాకెట్లని పట్టుకున్నవి రివిట్లు. గ్రైండరుతో తల కోసి, సమ్మెటతో కొట్టి, కొట్టి, కొట్టి ఒక్కోదాన్ని బయటికి తోలేసరికి భుజం పడిపోయింది. అదయ్యాక నడిపి చూస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారిపోయి 45 మైళ్ల దగ్గర సీటు కింద తేనెపట్టు కదిలించినట్టు ఒకటే రొద. దానికి కట్ట కింద వాలు బిళ్లలు.

ఇంతా చేశాక టార్చి పట్టుకుని కింద పడుకుని చూశాను. వెనక ఇరుసు హౌసింగ్ నేలకి ఎంత ఎత్తులో ఉండేదో ఇప్పుడూ అంతే ఎత్తులో ఉంది. కట్టలు చాసీని లేపుతాయి, హౌసింగ్‌ని కాదు. రాయి తగిలేది హౌసింగ్‌కే.

మే 6, శనివారం

హౌసింగ్ లేవాలంటే టైరు ఒక్కటే దారి. 31 అంగుళాలవి తీసి 35 వేశాను. పెరిగిన నాలుగింటిలో సగం ఇరుసుకి పైన పోతుంది కాబట్టి హౌసింగ్‌కి దక్కింది రెండే. అంత డబ్బుకి రెండంగుళాలు. ఇంట్లో ఈ లెక్క చెప్పలేదు.

స్పీడోమీటరు ఇప్పుడు 60 చూపిస్తే నిజానికి 67 దాటి పోతున్నాను. పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు కమాన్ కట్టకి రాసుకుంటోంది. ముందు ఇరుసు మీద స్టాపరు బోల్టుల్ని రెండు చుట్లు బయటికి తిప్పి రాపిడి ఆపాను. బండి ఇప్పుడు మునుపటంత మలుపు తిరగదు. ఇది తర్వాత ఎక్కడో తగులుతుందని తెలుసు, అయినా ఈ రోజుకి కానిచ్చేశాను.

క్రౌన్ పినియన్ మార్చలేదు. ఉన్నది 4.10. మొదటి గేరు 6.55, ట్రాన్స్‌ఫర్ కేసు లో రేంజ్ 1.96. మూడూ హెచ్చవేస్తే ఇంజన్ యాభై రెండున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. ఊరికే 700 చుట్ల మీద వదిలేస్తే నిమిషానికి 37 మీటర్లు. గుడిలో ప్రదక్షిణ చేసేవాళ్లు ఇంతకంటే వేగంగా నడుస్తారు. నాకు కావలసిందీ అదే.

మే 17, బుధవారం

నాన్న దిగాడు. ఎయిర్‌పోర్టుకి ఈ బండిలోనే వెళ్లాను, మా ఆవిడ వద్దంటున్నా. నాన్న సూట్‌కేసు వదిలేసి ముందు బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని కట్ట మీద అరచెయ్యి వేశాడు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు కమాన్ పట్టీలు కొట్టిన చెయ్యి అది.

"ఎన్ని టన్నులు వేస్తావురా దీని మీద?"

"ఏమీ వెయ్యను నాన్నా."

"మరి ఏం తోల్తావు?"

"ఊరికే, కొండల్లోకి, ఇసకలోకి."

కాసేపు మాట్లాడలేదు. "లోడు లేని లారీకి ఇన్ని పట్టీలెందుకు?" అన్నాడు. ఎక్కడానికి మా అమ్మాయి పీట తెచ్చి పెట్టింది.

మే 21, ఆదివారం

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

పొద్దున్నే స్టీరింగ్ తిప్పుతుంటే ముందు ఎడం వైపు టక్కుమని చప్పుడు. బోల్టు వదులైందనుకుని పానా పట్టుకుని కిందికి దూరాను. అన్నీ బిగువుగానే ఉన్నాయి. నాన్న కాఫీ గ్లాసుతో వచ్చి, "నువ్వు లేచి తిప్పు, నేను చూస్తా" అన్నాడు. డెబ్బై ఒకటో ఏట, పరాయిదేశపు గరాజ్ నేల మీద తువ్వాలు పరుచుకుని బండి కింద పడుకున్నాడు. నేను తిప్పుతున్నాను, టక్. మళ్లీ తిప్పాను, టక్.

"చాసీ కదుల్తోంది" అని లోపల్నుంచి మాట.

చాసీ కదలడమేంటి అనుకున్నాను. నాన్న బయటికొచ్చి కిరసనాయిలు అడిగాడు. క్యాంపు దీపానికి తెచ్చిన డబ్బా ఉంది. వైరు బ్రష్షుతో స్టీరింగ్ బాక్స్ చుట్టూ మట్టీ గ్రీజూ గీకేసి, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో బాగా తడిపాడు. పది నిమిషాలు ఆగాడు. పొడి గుడ్డతో తళతళా తుడిచాడు. "సుద్దపొడి ఉందా?" లేదు. లోపలికెళ్లి పాండ్స్ పౌడరు తెచ్చాను. అరచేతిలో పోసుకుని ఊదాడు. ఇనుము తెల్లబడింది.

మళ్లీ కాఫీ తాగుతూ కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. రెండు మూడు నిమిషాలకి తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత మొలిచింది. బాక్స్ బోల్టు రంధ్రం అంచు నుంచి బయల్దేరి, కొంచెం వంకర తిరిగి, చాసీ కింది అంచు దాకా పాకింది. మూడంగుళాలు. పగులులో దాక్కున్న కిరసనాయిలు పౌడరుని తడుపుకుంటూ పైకి వస్తోంది. ఈ పద్ధతి నాకు కొత్త కాదు, చిన్నప్పుడు చూసిందే. నా బండి మీద చూడటమే కొత్త.

తర్వాత వెతికితే తెలిసింది, ఈ పలక మొహం షెవర్లేలకి పెద్ద టైర్లు వేసి తిప్పితే సరిగ్గా అక్కడే చాసీ పగలడం అందరికీ తెలిసిన జబ్బట. స్టీరింగ్ బాక్స్ తోపు మొత్తం ఆ కాస్త రేకు మీదే పడుతుంది. మోడల్ మొదలైన యాభై ఏళ్లలో ఎంతమంది చాసీలు చీల్చుకున్నారో గానీ, దాన్ని వెనక నుంచి పట్టి ఉంచే బలం పలకలు తయారుగా అమ్ముతున్నారు. నాలుగంగుళాల సరంజామా కొన్నప్పుడు ఆ డబ్బాలో ఆ పలక లేదు, దాని ఊసూ లేదు. ఊసెత్తితే ఎవరు కొంటారు?

ఆవిడ పౌడరు డబ్బా వెతుక్కుంటూ వచ్చి, బండి వైపు చూసి, ఏమీ అనకుండా పట్టుకుపోయింది.

జూన్ 3, శనివారం

పగులు చివర చిన్న రంధ్రం తొలిచి, అంతకు మించి పాకకుండా ఆపి, గీత పొడుగునా వి ఆకారంలో సాళ్లు తీసి వెల్డింగ్ చేయించాం. నేను చేద్దామనుకున్నాను, నాన్న ఒప్పుకోలేదు. "కిటికీ ఊచలకి వెల్డింగ్ పెట్టే చెయ్యి నీది. స్టీరింగ్ దగ్గర పెట్టకు." తెలిసిన మెక్సికన్ కుర్రాడొకడు ఇంటికొచ్చి చేశాడు. నాన్నకీ అతనికీ మధ్య ఒక్క మాట కలవదు. ఇద్దరూ సుద్దముక్కతో చాసీ మీద గీసుకుంటూ, తలాడిస్తూ గంటన్నర గడిపారు. బలం పలక కూడా ఎక్కింది. టక్కు పోయింది.

జూన్ 10, శనివారం

వెనక కట్ట విప్పించాడు నాన్న. నేను అడగలేదు. ఎగుడుదిగుళ్లలో ఖాళీ బండి వెనక భాగం మేకపిల్లలా గెంతుతోందని చెప్పినందుకు, "నేనొచ్చిన రోజే చెప్పా" అని లేచాడు.

ముందుగా ఒక కొలత తీసుకున్నాం. ముందు కుడి చక్రాన్ని దుంగలు పేర్చి ఎక్కిస్తూ పోతే, వెనక చక్రం నేల వదిలే లోపు ఎంత ఎత్తు ఎక్కుతుందో చూడాలి. పదకొండు అంగుళాలు. అంతే. అంటే రాళ్లలో ఒక చక్రం పదకొండు దాటి ఎక్కితే ఇంకో చక్రం గాల్లో తిరుగుతూ కూర్చుంటుంది. బండి ఎంత ఎత్తున్నా చక్రం నేలని తాకకపోతే ఏం లాభం.

సెంటర్ బోల్టు తీశాక పట్టీలు పుస్తకం పేజీల్లా విడిపోయాయి. అట్టడుగున దాదాపు తిన్నగా, అన్నిటికంటే మందంగా ఒకటి. బరువు పడ్డప్పుడు మాత్రమే పనిచేసే పట్టీ. నాన్న దాన్ని పక్కన పెట్టాడు. దాని పైదాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి చూసి అదీ తీసేశాడు. పట్టీ మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుందని నేను ఇంజనీరింగ్‌లో చదివాను. నాన్న చదవలేదు. మందాల్లో అన్నం మెతుకంత తేడా ఉన్నా రెండు వేళ్లకి తెలుస్తుంది ఆయనకి. మిగిలిన పట్టీల మధ్య తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు పూసి, కొత్త సెంటర్ బోల్టు వేసి కట్టేశాం. యు బోల్టుల దగ్గర మాత్రం ఆయన మాట వినలేదు. ఒకసారి లాగి బిగించిన యు బోల్టు సాగిపోతుంది, మళ్లీ వాడకూడదు. "మేం పదిసార్లు వాడాం" అన్నాడు. కొత్తవే వేశాను. ఆయనకి నచ్చలేదు, మధ్యాహ్నం అన్నం తినేదాకా మాట్లాడలేదు.

సాయంత్రం మళ్లీ దుంగలెక్కిస్తే పదిహేడు అంగుళాలు.

ఇన్ని నెలలుగా ఈ బండికి కొని తగిలించినవన్నీ ఒక ఎత్తు, ఈ వేళ తీసి మూలన పడేసిన రెండు పట్టీలు ఒక ఎత్తు. రూపాయి ఖర్చు లేదు.

జూన్ 22, గురువారం

నిద్ర పట్టక ఈ పిచ్చి ఎవరి దగ్గర మొదలైందా అని ఆలోచిస్తున్నాను. మొదట్లో ఇది పిచ్చి కాదు, అవసరమే. ఇండియానాపోలిస్‌లో మార్మన్ హెరింగ్టన్ వాళ్లు 1930లలోనే ఫోర్డ్ లారీలకి చక్రాల్ని తిప్పే ముందు ఇరుసు తగిలించి, నాలుగు చక్రాలకీ బలం అందే బళ్లుగా మార్చి అమ్మేవారు. యుద్ధం అయ్యాక 1946లో డాడ్జ్ పవర్ వాగన్ వచ్చింది, సైన్యం లారీకి పౌరుల వేషం. షెవర్లేకి నాలుగు చక్రాలకీ బలం కావాలంటే మినియాపోలిస్‌లో నాప్కో వాళ్ల సరంజామా వేయించుకోవాల్సిందే. 1957లో షెవర్లే, 1959లో ఫోర్డ్ ఫ్యాక్టరీలోనే వేయడం మొదలుపెట్టాయి. వాళ్ల కొనుగోలుదారులు రైతులు, అడవి శాఖ, కరెంటు లైన్ల వాళ్లు.

సరదా కోసం చావగొట్టడంలో బాబ్ చాండ్లర్‌ని మించినవాడు లేడు. సెయింట్ లూయిస్ దగ్గర ఇళ్లు కట్టే పని ఆయనది. 1974 ఫోర్డ్ ఎఫ్-250 కొని మట్టిలో తిప్పితే ఏదో ఒకటి విరిగేది. విడిభాగాలు దొరక్క తనే షాపు పెట్టుకున్నాడు. టైర్లు పెంచితే ఇరుసులు చాల్లేదు, సైన్యం లారీల ఇరుసులు వేశాడు. అలా పెరిగి పెరిగి అది బిగ్‌ఫుట్ అయింది. 1981లో ఒక పొలంలో పాత కార్ల మీదుగా దాన్ని నడిపి వీడియో తీయించుకున్నాడు, ఆ తర్వాతిదంతా స్టేడియంల కథ.

పొద్దున ఆ వీడియో నాన్నకి చూపించాను. "అంత ఇనుము తొక్కి పాడుచెయ్యడమెందుకు, తుక్కుకి అమ్మితే కిలో ఎంతో కొంత వస్తుందిగా" అన్నాడు. మా అమ్మాయి మాత్రం నాలుగుసార్లు చూసింది.

జూలై 15, శనివారం

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి ఏడున్నరకి గ్రేట్ శాండ్ డ్యూన్స్ చేరాం. నేనూ, నాన్నా, మా అమ్మాయీ. ఏడువందల అడుగులు దాటిన ఇసక కొండలు, వెనక మంచు చారల పర్వతాలు. నాన్న దిగి ఒక గుప్పెడు ఇసక తీసి వేళ్ల మధ్య జారవిడిచి, "కృష్ణ ఇసక కంటే సన్నం. కట్టుబడికి పనికిరాదు" అని తేల్చేశాడు.

మెడానో కనుమ దారి ఇక్కడే మొదలవుతుంది. మెడానో అంటే స్పానిష్‌లో ఇసక దిబ్బ. దాదాపు పదివేల అడుగుల కనుమ ఎక్కి అవతల లోయలోకి దిగే ఇరవై రెండు మైళ్ల మట్టిదారి. 1807 జనవరిలో అన్వేషకుడు జెబులాన్ పైక్ సైనికులతో మంచులో ఈ కనుమ దిగి వచ్చాడు. మామూలు కార్లు ఆగిపోయే చోటికి పార్కు వాళ్లు 'ఇక వెనక్కి లేదు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అక్కడ నేను టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టాను.

నాన్న ముఖం చూడాలి. గాలి తక్కువున్న టైరుతో లారీ తోలడం ఆయన లోకంలో మహాపాపం. లోడు మీద వేడెక్కి పేలిపోతుంది. క్లీనర్లు ఆగిన ప్రతి చోటా కర్రతో టైర్లని కొట్టి చప్పుడు వినేది అందుకే. నేను చెవులు హోరెత్తేలా బుస్సుమని 45 నుంచి 16కి దించుతుంటే, "ఒరేయ్, ఒరేయ్, ఏం చేస్తున్నావురా" అని చెయ్యి పట్టుకున్నాడు. మాటల్తో వివరించలేక ఒక టైరు దించక ముందూ, దించాకా అచ్చు చూపించాను. దించక ముందు ఇసక మీద నేలని తాకిన భాగం ఆయన జానతో ఒక జాన. దించాక జానన్నర దాటింది. టైరు కింద పెసరట్టులా పరుచుకుంది. బరువు అంతే, మోసే జాగా పెరిగింది. నాన్న ఇంకోసారి జాన పెట్టి కొలిచాడు. "మేం నదిలో దిగబడితే గోనెసంచులు, తాటాకులు వేసేవాళ్లం. గాలి తియ్యాలని తోచలేదు. తీస్తే మళ్లీ పట్టేదెక్కడ, అదీ ఉంది."

నాలుగు వందల గజాలు వెళ్లాం. మెత్తటి ఇసక మొదలైంది. రెండో గేరులో లాగుతున్న బండి మెల్లగా బరువెక్కి, ఏనుగు కూలబడినట్టు వెనక్కి కుంగి ఆగింది. యాక్సిలేటర్ తొక్కితే వెనక చక్రాలు గొయ్యి తవ్వుకుంటున్నాయి. ఫోర్ వీల్‌లోనే ఉంది, లివరు సరిగ్గానే పడింది. ఇంకాస్త గాలి తీశాను. పారతో తవ్వాను. కాళ్ల కింద పట్టాలు తీసి చక్రాల కింద తోశాను. ఎండ ఎక్కుతోంది. మా అమ్మాయి వీడియో తీస్తోంది. వెనక ఒక టొయోటా వచ్చి, దారి మూసుకుపోయిందని చూసి, మర్యాదగా ఇంజన్ ఆపుకుంది.

నాన్న బండి చుట్టూ తిరుగుతున్నాడు. కుడి ముందు చక్రం దగ్గర ఆగాడు.

"ఈ బిళ్ల అటు తిరిగుంది, ఆ పక్కది ఇటు తిరిగుంది. రెండూ ఒకేలా ఉండక్కర్లేదా?"

గుండె జారింది. ముందు చక్రాల మధ్యలో ఉండే హబ్ బిళ్లలవి. పాత బండి కదా, దిగి వెళ్లి చేత్తో రెండు పక్కలా లాక్‌కి తిప్పాలి. ఎడమది తిప్పాను. కుడిది తిప్పుదామని వెళ్తూ గాలి తీసే గోలలో పడి మర్చిపోయాను. ఒక్కటి వదిలేస్తే సగం బలమన్నా ఉండాలి కదా అనిపిస్తుంది. ఉండదు. మామూలు డిఫరెన్షియల్ బలాన్ని ఏ వైపు అడ్డు తక్కువుంటే అటు వదిలేస్తుంది. వదిలేసిన హబ్ వైపు ఇరుసు చక్రాన్ని తిప్పకుండా తను ఒక్కతే గిర్రున తిరుగుతుంది. ఎడం చక్రానికి ఏమీ మిగలదు. కాబట్టి మూడు నెలలు కష్టపడి, ఇంత ఖర్చు పెట్టి, ఈ ఇసకలోకి రెండు చక్రాల బండి తోలుకొచ్చాను.

బిళ్ల తిప్పాను. లో రేంజ్, రెండో గేరు, క్లచ్ మెల్లగా వదిలాను. ఏ హడావుడీ లేకుండా లేచి బయటికి నడిచింది. టొయోటా ఆయన బొటనవేలు చూపించాడు. నాన్న ఎక్కి కూర్చుని తలుపు వేసుకుని, "క్లీనర్ ఉద్యోగం నాది" అన్నాడు, అంతే.

పైన అడవిలోకి వెళ్లాక వాగు పదేపదే అడ్డం వచ్చింది. మోకాలి లోతు లోపే, చల్లగా, గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా. ప్రతి దాటుడు తర్వాతా నాన్న గుర్తు చేశాడు: బ్రేకు మీద కాలేసి కొంచెం దూరం పోనీ. డ్రమ్ములు తడిస్తే బ్రేకు పట్టదు, ఆ రాపిడికి ఆరతాయి. కనుమ దగ్గర పడుతుంటే కార్బురేటర్ దగ్గడం మొదలుపెట్టింది. నిటారుగా ఎక్కేటప్పుడు గిన్నెలో పెట్రోలు ఓ మూలకి పోతుంది, పైగా ఆ ఎత్తున గాలి పలచన. దగ్గుతూనే ఎక్కింది. రాతి అంచు మీద కొమ్ముల పొట్టేళ్లు మూడు నిలబడి చూశాయి.

తిరుగుదారిలో తారు రోడ్డెక్కే ముందు చిన్న కంప్రెసర్‌తో నాలుగు టైర్లకీ గాలి పట్టేసరికి నలభై నిమిషాలు. పులిహోర అప్పుడు తిన్నాం. ఇసక కలిసింది, అయినా ఒక్క మెతుకు మిగల్లేదు.

జూలై 16, ఆదివారం

వెనక హౌసింగ్ ప్లగ్ విప్పితే ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో వచ్చింది. వేడెక్కిన హౌసింగ్ చల్లటి వాగులో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, పైనున్న చిన్న బ్రీదర్ గుండా నీళ్లు లాక్కుంటుంది. బ్రీదర్‌కి రబ్బరు గొట్టం తొడిగి పైన తొట్టి గోడ దాకా తీసుకెళ్లి కట్టేశాను. ఇంతకాలానికి చేసినవాటిలో అన్నిటికంటే చవకైన మార్పు, ఆరు అడుగుల గొట్టం. వెళ్లే ముందు ఎందుకు చెయ్యలేదో.

ఆగస్టు 5, శనివారం

బ్లాక్ బేర్ కనుమ ఆలోచన రెండు వారాలుగా తల తినేస్తోంది. సిల్వర్టన్‌కీ యూరేకీ మధ్య రెడ్ మౌంటెన్ కనుమ దగ్గర మొదలై, 12,840 అడుగుల ఎత్తుకెక్కి, ఆ తర్వాత టెల్యురైడ్ వైపు ఒంటి దారిగా కిందికి దిగుతుంది. బ్రైడల్ వీల్ జలపాతానికి పైన వంకీలు వంకీలుగా మలుపులు. జీపులే కొన్నిచోట్ల ఒకసారి వెనక్కొచ్చి తిప్పుకుంటాయి. మొదలుపెట్టాక వెనక్కి మళ్లడానికి లేదు.

నా బండి ఎన్నిసార్లు వెనక్కి రావాలి? కూర్చుని ఊహించే బదులు కొలుద్దామన్నాడు నాన్న. మా వీధి చివర గుండ్రంగా విశాలంగా ఉంటుంది, బళ్లు తిప్పుకోవడానికి. స్టీరింగ్ ఆఖరుదాకా తిప్పి నేను నడుపుతుంటే, నాన్న వెనకే నడుస్తూ బయటి ముందు టైరు పోయిన దారి వెంట సుద్దముక్కతో గీసుకుంటూ వచ్చాడు. మా అమ్మాయి టేపు పట్టింది. యాభై రెండు అడుగులు. టైర్లు మార్చకముందు ఓసారి కొలిచింది ఈ పుస్తకం అట్ట లోపలే రాసి ఉంది: నలభై ఆరు. మే నెలలో ఆ స్టాపరు బోల్టుల్ని బయటికి తిప్పిన రెండు చుట్ల ఖరీదు ఆరడుగులు.

నాన్న ఆ వృత్తం లోపల నిలబడి, రోడ్డు వెడల్పు పన్నెండు అడుగులనుకుని ఇంకో గీత గీశాడు. ఆ రెండు గీతల మధ్య బండిని మలుపు తిప్పి చూపించమన్నాడు. ముందుకి, వెనక్కి, ముందుకి, వెనక్కి, ముందుకి. రెండోసారి వెనక్కొచ్చినప్పుడు తొట్టి చివర గీత దాటి గజం బయటికి పోయింది. కొండ మీద ఆ గజంలో ఏముంటుందో నాన్న అడగలేదు, నేనూ చెప్పలేదు. సుద్దముక్క జేబులో వేసుకుని, "ఆవకాయ అన్నం తిందాం పద" అన్నాడు.

ఆగస్టు 11, శుక్రవారం

స్టాపరు బోల్టుల్ని ఒక చుట్టు లోపలికి తిప్పి, చక్రాల్ని అంగుళం బయటికి జరిపే స్పేసర్లు వేస్తే నలభై తొమ్మిదికి రావచ్చని లెక్క వేశాను. బేరింగుల మీద భారం పెరుగుతుంది. నాన్నకి ఇంకా చెప్పలేదు.

కాలనీ సంఘం నుంచి ఉత్తరం. ఈసారి బండి గురించి కాదు. వీధి చివర సుద్దతో గీసిన పెద్ద సున్నాని పది రోజుల్లో కడిగేయాలట. నాన్నకి చదివి వినిపిస్తే ఆకాశం వైపు చూశాడు. పడమట కొండల మీద నల్లగా ఉంది.

"సాయంత్రానికి వాళ్ల పని వానే చేస్తుందిలే. నువ్వా షేకిల్ బుష్‌లకి గ్రీజు పెట్టావా?"

పెట్టలేదు. వెళ్తున్నా.